గుండుకు అంటిన మట్టి

సన్యాసమ్మ గదిలో మంచం కింద ఒక తాడు ఉంది. ఇరవై బారల పొడుగు, బొటనవేలంత లావు, ఒక చివర మూడు కిలోల సీసం గుండు. బారబారకీ ఒక తోలుముక్క కుట్టి ఉంటుంది, కళ్ళు మూసుకుని తడిమినా లెక్క తెలియడానికి. అవి కాక పాత చీర పీలికలు పన్నెండు, అక్కడొకటీ ఇక్కడొకటీ గట్టిగా ముడేసి ఉంటాయి. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో పది గదులకీ ఒకటే కుళాయి ఉన్న వరస అది. గది కడిగే రోజున ఆ తాడు బయట పెడితే, కొత్తగా దిగినవాళ్ళెవరో ఒకరు అడక్క మానరు. "ఇదేటి పిన్నీ, ఎవులింటికి కన్నం ఎయ్యడానికి?" అని. సన్యాసమ్మ నవ్వదు, కోప్పడదు. "మా ఇంటాయనది" అని మళ్ళీ మంచం కిందకి తోసేస్తుంది.

ఆ ఇంటాయన పేరు బైరాగి. పోయి పదమూడో ఏడు నడుస్తోంది. శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డున పుట్టి, పద్దెనిమిదేళ్ళకి కలకత్తా వచ్చి, హుగ్లీ నదిలో లోతులు కొలిచే లాంచీ మీద ఖలాసీగా చేరాడు. సముద్రంలోంచి ఓడ పైకి రావాలంటే నదిలో ఎక్కడెంత లోతుందో తెలియాలి. ఆ నదా, ఇవాళున్న దిబ్బని రేపు ఉండనివ్వదు. అందుకని రోజూ కొలవాల్సిందే. బైరాగి లాంచీ అంచున నిలబడి, గుండుని గిరగిరా తిప్పి ముందుకి విసిరి, తాడు నిటారుగా నిలిచిన క్షణాన బారల లెక్క గట్టిగా అరిచేవాడు. పైనున్న ఆఫీసరు రాసుకునేవాడు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. దాన్లో కాస్త కొవ్వు మెత్తి వేస్తే, నది అడుగున ఇసకుంటే ఇసక, బురదుంటే బురద అంటుకుని పైకి వచ్చేది. అది వేళ్ళమధ్య నలిపి చూసి, ఏ మట్టో కూడా బైరాగే చెప్పేవాడు.

తరవాత మిషన్లొచ్చాయి. మిషను నీళ్ళలోకి ఓ చప్పుడు పంపి, అది తిరిగొచ్చేలోగా లోతు చెప్పేస్తుందట. తాడుని తుక్కులో పడేశారు. బైరాగి తెచ్చుకుని మంచం కింద పెట్టుకున్నాడు. "పాతికేళ్ళు ఈ సేతిలో ఆడినాది. తుక్కులో పారేత్తారేటి?" అన్నాడు, ఎవరో తనని తిట్టినట్టు మొహం పెట్టి.

తాగొచ్చే మొగుళ్ళు ఆ వరసలో బోలెడుమంది ఉన్నారు. మట్టి కబుర్లు చెప్పే మొగుడు మాత్రం సన్యాసమ్మకే దొరికాడు. అన్నం తింటూ చెప్పేవాడు. పోటు నీళ్ళు సముద్రంలోంచి ఒక ఒడ్డు పట్టుకుని పైకి వస్తాయట. పాటు నీళ్ళు ఇంకో ఒడ్డు పట్టుకుని దిగిపోతాయట. దిగిపోయే నీళ్ళు తగిలిన ఒడ్డు కిందనించి తెగుతుంది. తెగిన మట్టి నీళ్ళతోపాటు పోయి, నీటి జోరు తగ్గినచోట కూచుంటుంది. మొదట పాటువేళ మాత్రం కనిపించే చిన్న గుట్ట. ఆ తరవాత దాని మీద గడ్డి. గడ్డి మట్టిని పట్టి ఉంచితే మడ మొక్కలు. మడ వేళ్ళ సందుల్లో పీతలూ రొయ్యపిల్లలూ. వాటికోసం చేపలు, చేపలకోసం కొంగలు. "ఆ తరవాత మడుసులొస్తారు, మేకల్ని తోలుకుని. అప్పుడు నదికి మళ్ళీ బుద్ధి మారతాది" అని నవ్వేవాడు.

"పొడుకో. తెల్లారి నాలుక్కి నాను లెగాల" అనేది సన్యాసమ్మ. ఆమెది కార్పొరేషన్‌లో వీధులూడ్చే పని. అతను నది అడుగున మట్టి చూసి వస్తే, ఆమె మురుగుకాలవల్లోంచి మట్టి ఎత్తి వచ్చేది. ఇంట్లో మట్టి మాట ఇంకెందుకని ఆమె విసుగు. ఆ విసుగే ఇప్పుడామెకి బాగా గుర్తుంది, కబుర్లు సగమే గుర్తున్నాయి.

పదమూడేళ్ళ కింద, దసరా వెళ్ళాక, బైరాగిని తెంతుల్‌చర్ అనే దీవికి పంపారు. సాగర్ దీవికి కొంచెం ఇవతల, నది సముద్రమయ్యేచోట ఉంటుంది ఆ దీవి. అక్కడ నీళ్ళలో పాతిన పలక దగ్గర కూచుని, అరగంటకోసారి నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో రాయాలి. నలుపూ తెలుపూ గళ్ళతో, అంకెలు వేసిన పొడుగాటి పలక అది. రెండోరోజున గాలివాన పట్టుకుంది. మూడ్రోజులు పడవ లేదు. ఆ మూడ్రోజుల్లోనే బైరాగికి కడుపునొప్పి మొదలై, మెలికలు తిరిగి, ఆశ్వయుజ బహుళ నవమినాడు ప్రాణం పోయింది. సన్యాసమ్మ అక్కడికి చేరేసరికి పూడ్చేశారు కూడా. వాళ్ళలో పూడ్చడమే ఆచారం కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. గాలికి విరిగిన ఆ నీటిపలక ముక్కనే తలవైపు పాతారు, గుర్తుకి.

సన్యాసమ్మ ఆ మట్టికుప్పని చూస్తూ నించుంది. ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చాక వస్తుందేమోనని అందరూ చూశారు, ఆమె కూడా చూసింది. నాలుగోరోజున చీపురు పట్టుకుని పనిలోకి వెళ్ళింది. మొగుడు పోయిన మనిషి ఇలా ఉంటుందా అని వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళని అనుకోనిద్దాం. వానలో నానిన అట్టలా లోపలంతా మొద్దుబారిపోయింది ఆమెకి, నొక్కినా తెలీదు. అన్నం తింటే అన్నం తిన్నట్టుంటుంది, అంతే.

ఏడాది తిరిగాక నవమి తిథికి తెంతుల్‌చర్ వెళ్ళింది, తాడు సంచిలో వేసుకుని. ఎందుకు తీసుకెళ్ళిందో ఆమెకే తెలీదు. సమాధి దగ్గర నాలుగు మెతుకులు పెట్టాక, ఇంకేం చెయ్యాలో తోచక, పలక మొదట్లో గుండు పెట్టి, తాడు పరుచుకుంటూ నీళ్ళదాకా నడిచింది. పద్దెనిమిది బారలు. నీళ్ళు తగిలినచోట చీరకొంగు చింపి ఓ పీలిక కట్టింది. మరుసటేడు పదిహేడు. ఆ పైయేడు పదహారు. రాయడం రాని మనిషికి ఆ తాడే పుస్తకం. ఏడాదికో బార చొప్పున నది దగ్గరికి వస్తోంది. పోయినేడు పన్నెండో పీలిక కట్టేసరికి ఏడు బారలు మిగిలింది.

అది చూసే కూతురు జ్యోతిరాణి పోరు పెట్టడం. జ్యోతిరాణి లిలువాలో ఉంటుంది. మొగుడు రైల్వే వర్క్‌షాపులో, తను నర్సింగ్ హోములో ఆయా. మాట పడని మనిషి. "అయ్యని తెచ్చీద్దావే అమ్మా. ఎముకలైనా దక్కుతాయి. మనోల్ల శ్మశానంలో మూల అడిగి ఉంచినాను" అని అయిదేళ్ళుగా చెబుతోంది.

"ఇంకా ఏడు బార్లుంది. తొందరేటి?" అనేది సన్యాసమ్మ. ఏడాదికో బార అయితే ఇంకా ఏడేళ్ళు. లెక్క సరిగ్గానే ఉంది. లెక్క వెనకాల ఉన్నది ఆమె పైకి చెప్పలేదు. మట్టి తవ్వితే ఎముకలు కనిపిస్తాయి. ఎముకలు కనిపిస్తే బైరాగి చచ్చిపోయినట్టే. మట్టికుప్పా, పలకా, తాడూ ఉన్నంతకాలం అతనేదో పని మీద ఆ దీవిలో ఉన్నట్టు, ఈమె ఏడాదికోసారి వెళ్ళి పలకరించి వస్తున్నట్టు ఉండేది. మొద్దుబారిన మనిషికి ఆ ఒక్కరోజే కాస్త చలనం.

దీవిలో మార్పులు ఆమె చూడకపోలేదు. మూడేళ్ళ కింద కరకట్ట తెగితే, సమాధికి వెనకవైపు ఇంకో కట్ట పోశారు. కట్టలు రెండయ్యాయి కదా, మంచిదే అనుకుంది. రెండేళ్ళ కింద కుప్ప చుట్టూ ఒక చెయ్యి పెద్దగా, ఒక చెయ్యి బుల్లిగా ఉండే ఎర్ర పీతలు కన్నాలు పెట్టాయి. బురదలో గెంతే చిన్నచేపలు పలక దాకా వచ్చి కళ్ళు మిటకరించాయి. పోయినేడు కుప్ప మీద మూడు మడ మొక్కలు మొలిచాయి, జానెడెత్తున, లేత పచ్చగా. ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకుని వాటి పక్కనే మెతుకులు పెట్టింది. మడ ఎక్కడ మొలుస్తుందో మొగుడు అన్నం తింటూ వందసార్లు చెప్పాడు. ఉప్పునీళ్ళు వచ్చిపోని నేలమీద అది మొలవదు.

ఈ ఏడు వినాయకచవితి వెళ్ళాక హారాధన్ ఫోన్ చేశాడు. దీవిలో సమాధిని కనిపెట్టుకుని ఉండే మనిషి అతనే. చేపలు పట్టుకుంటాడు, బైరాగిని పూడ్చినవాళ్ళలో అతనొకడు. "దిదీ, ఈ చలికాలం మేం దీవి వదిలేస్తున్నాం. సాగర్‌లో జాగా ఇచ్చారు" అన్నాడు బెంగాలీలో. సన్యాసమ్మ ఫోన్ ఆ పూట వచ్చి ఉన్న కూతురికిచ్చి, గోడవైపు చూస్తూ కూచుంది. హారాధన్ లేకపోతే ఆ దీవిలో దారి చూపేవాడు లేడు, తవ్వేవాడు లేడు.

"ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" అంది జ్యోతిరాణి.

"నవమికి ఎల్దాం. కుండ కొను" అంది సన్యాసమ్మ. ఆ మాట అన్నాక రెండ్రోజులు ఆమెకి అన్నం సయించలేదు. అదొక మంచి గుర్తనే చెప్పాలి.

కొత్తకుండ, తెల్లబట్ట, పసుపు, తవ్వాక స్నానానికి సబ్బు, అన్నీ సిద్ధమయ్యాయి. నవమికి రెండ్రోజులుందనగా పక్కగది సుందరికి జ్వరం తగిలింది. సుందరిదీ వీధులూడ్చే పనే. ఇద్దరూ ఒకరి బదులు ఒకరు చేసుకుంటేనే ఎవరికైనా సెలవు. "ఒదినా, ఒల్లు కాలిపోతంది. ఈ వారం నా ఈది కూడా నువ్వే ఊడ్సీ. అమాసనాడు నీది నాను సూసుకుంటాను" అని దుప్పట్లోంచి చెప్పింది. జ్వరంతో ఉన్న మనిషిని ఏమంటాం. తిథి తప్పిపోతోందని సన్యాసమ్మకి బెంగ. పన్నెండేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. "ఆరు రోజులకి ఏటైపోద్దమ్మా, ఎముకలేం ఎల్లిపోతాయా?" అంది జ్యోతిరాణి.

అమావాస్యనాడు తెల్లవారుజామున బయలుదేరే ముందు సన్యాసమ్మ అలవాటు ప్రకారం మంచం కోళ్ళ కింద ఇటికలు పెట్టింది. ఆ వరస కాలవ పక్కన ఉంటుంది. అమావాస్యకీ పున్నానికీ నదిలో పోటు పెద్దగా వచ్చి కాలవ వెనక్కి పొంగుతుంది. తూముల్లోంచి నీళ్ళు గుమ్మాలెక్కుతాయి. దాన్ని అక్కడివాళ్ళు భరా కొటాల్ అంటారు, నిండు పోటు అని. అష్టమీ నవముల దగ్గర పోటుకి బలం ఉండదు. అది మరా కొటాల్, చచ్చిన పోటు. ఆ వరసలో పాలు తాగే పిల్ల కూడా ఈ రెండు ముక్కలూ వింటూనే పెరుగుతుంది. సన్యాసమ్మ కోడుకి రెండేసి ఇటికలు పెట్టి, బియ్యం డబ్బా అల్మారా పైకెక్కించి, ఆ చేత్తోనే తాడు సంచిలో వేసుకుంది.

కాక్‌ద్వీప్ లోకల్ దిగి, లాంచీ పట్టుకుని తెంతుల్‌చర్ చేరేసరికి పదిన్నర. ఏటా అదే రైలు, అదే లాంచీ, అదే వేళ. కానీ లాంచీ ఆగాక సన్యాసమ్మ దిగకుండా అటూ ఇటూ చూసింది. ఏటా బురదలో పరిచిన వెదురు తడికల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ పైకెక్కాలి. ఇవాళ తడికలు లేవు, బురద లేదు. లాంచీ తిన్నగా కరకట్టకే ఆనుకుంది.

"ఏరే దీవికి వచ్చినామేటి?" అంది.

కట్ట మీద హారాధన్ నిలబడి ఉన్నాడు, లుంగీ మోకాళ్ళపైకి కట్టుకుని. ముసలాడైపోయాడు. "రా దిదీ" అని చెయ్యిచ్చి పైకి లాగాడు.

కట్టకి లోపలివైపు సగం కూల్చిన ఇళ్ళూ, ఎండిన కొబ్బరిమొక్కలూ. బయటివైపు, ఎక్కడైతే బైరాగి కుప్ప ఉండాలో అక్కడ, నది. గోధుమరంగు నీళ్ళు కట్టని నాకుతూ కదులుతున్నాయి. కట్టకి అయిదారు బారల దూరంలో నలుపూ తెలుపూ పలక ముక్క నీళ్ళలోంచి తల బయటపెట్టి నించుంది. దాని చుట్టూ నీళ్ళు చిన్నగా సుడి తిరుగుతున్నాయి.

జ్యోతిరాణి కళ్ళు చిట్లించి చూసింది. "అమ్మా, అంకె కనిపిస్తంది. నాలుగు కాడున్నాయి నీల్లు."

సన్యాసమ్మకి మంచం కోళ్ళ కింద ఇటికలు గుర్తొచ్చాయి. ఇంకేమీ గుర్తు రాలేదు, ఆ ఎనిమిది ఇటికలే.

"ఎప్పుడ్నించి ఇలా దాదా?" అని జ్యోతిరాణి బెంగాలీలో హారాధన్‌ని అడిగింది. గొంతు పైకి లేచింది.

"మూడేళ్ళు. మొదటి కట్ట తెగినప్పట్నించీ. నెలకి రెండుసార్లు, నిండు పోటుకి ఇలా నిండుతుంది. మిగతా రోజుల్లో అంత రాదు" అన్నాడు హారాధన్. "మీ అమ్మ ఎప్పుడూ మరా కొటాల్‌కే వస్తుంది. ఒక్కసారి కూడా తప్పలేదు."

చంద్రుడితో లెక్కపెట్టిన తిథి అది. నీళ్ళూ చంద్రుడితోనే లెక్క. నవమినాటి నీళ్ళు ఏ ఏడైనా నవమినాటి నీళ్ళే, అందులోనూ ఆ పొద్దుటివేళ పాటు మీద ఉండే బక్కనీళ్ళు. సన్యాసమ్మ పన్నెండేళ్ళు వచ్చి, నది అన్ని రోజుల్లోకీ మెత్తగా ఉన్న ఒక్కరోజునే కొలిచి, అదే నది అనుకుని వెళ్ళిపోయింది. సముద్రపొడ్డున పుట్టిన పిల్ల, లోతులు కొలిచేవాడి పెళ్ళాం, కాలవ పక్కన నలభై ఏళ్ళుగా కాపురం. ఇంకెవరైనా చేసుంటే ఆమే నవ్వేది.

"మరి సెప్పొచ్చు కదా?" అంది జ్యోతిరాణి, ఈసారి తెలుగులో, కోపంలో భాష చూసుకోకుండా. మళ్ళీ బెంగాలీలో అడిగింది.

హారాధన్ తల గోక్కున్నాడు. "చెప్పాను. ముందటేడు, నీళ్ళొస్తున్నాయి దిదీ అన్నాను. ఆమె తాడు పరిచి, ఇంకా ఎనిమిదుంది అంది. బైరాగి దాదా తాడు అది. కొలిచే మనిషి ఇంటి మనిషికి నేను చెప్పేదేముందనుకున్నాను."

సన్యాసమ్మకి ఆ రోజు గుర్తుంది. అతను ఏదో అనబోతే వినకుండా తోలుముక్కలు లెక్కపెట్టుకుంది. అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ కోపం రాలేదు. ఏదీ రాలేదు. "నీల్లు ఎప్పుడు తీత్తాయి?" అంది.

మధ్యాహ్నం రెండుకి తీస్తాయన్నాడు. కట్ట మీద కూచున్నారు. హారాధన్ పెళ్ళాం బొరుగులూ పచ్చిమిరపకాయలూ ఇచ్చింది. పాటు మొదలయ్యాక నీళ్ళు మొదట బద్ధకంగా, తరవాత పరుగుపరుగున దిగాయి. పోతూ పోతూ కట్ట పాదాన్ని కొరుకుతున్న చప్పుడు వినిపించింది, మట్టిపెళ్ళలు బుళుక్కుమని పడుతున్న చప్పుడు. సన్యాసమ్మ అడక్కుండానే జ్యోతిరాణి పలక మీద అంకె చదువుతోంది. మూడు. రెండున్నర. రెండు. వాళ్ళయ్య ఇక్కడ ఆఖరిగా చేసిన పని అదేనని మధ్యలో ఆమెకి తట్టింది కాబోలు, చదవడం ఆపేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసిన సంగతి తనకే కాసేపటికి తెలిసింది.

నేల బయటపడింది. కుప్ప లేదు. నున్నటి బురద, దాని మీద చిన్నచేపల గెంతులు, పలక మొదట్లో నడుము దాకా ఎదిగిన మడ మొక్క ఒకటి. మిగతా రెండూ పోయాయి. హారాధన్ పార తెచ్చాడు. అడుగు తవ్వాడు, రెండడుగులు తవ్వాడు. జ్యోతిరాణి కుండ పట్టుకుని గట్టున నించుంది. నడుములోతు గుంటలో కూడా మెత్తటి బూడిదరంగు మట్టే, ఒక చిల్లపెంకు లేదు, ఒక గుడ్డపీలిక లేదు. గుంట అంచులు కూలి మళ్ళీ గుంటలోకే వస్తున్నాయి.

సన్యాసమ్మ వంగి ఆ మట్టి కొంచెం తీసి వేళ్ళమధ్య నలిపింది. పదమూడేళ్ళ కింద తను చూసిన మట్టి ఎర్రగా, గడ్డలుగడ్డలుగా ఉండేది. ఇది నిన్నా మొన్నా నీళ్ళు తెచ్చి పోసిన ఒండ్రు. మురుగుకాలవల్లో ఎత్తి ఎత్తి, ఏది పాత మట్టో ఏది కొత్తదో ఆమె చేతులకి తెలుసు.

"దాదా" అంది. "పలక ఎక్కడుండేదో అక్కడే ఉందా?"

హారాధన్ పార ఆపాడు. "రెండుసార్లు పడిపోయింది దిదీ, నిండు పోటుకి. కొట్టుకుపోతుంటే పడవేసుకెళ్ళి పట్టుకొచ్చాను. నువ్వొస్తావు కదా, గుర్తు లేకపోతే ఎలా అని కాస్త మట్టి కుప్పపోసి మళ్ళీ పాతాను."

"ఎక్కడ?"

"అక్కడే. సుమారుగా. ఒడ్డు వెనక్కి జరిగిపోయింది కదా, కొంచెం ఇటుగా."

అంటే ఆఖరి మూడు పీలికలూ ఏ సమాధినించీ కొలిచినవి కావు. ఆ మూడేళ్ళూ ఏడాదికో బార అనుకున్న లెక్క నది లెక్క కాదు, హారాధన్ మంచితనం లెక్క. సన్యాసమ్మ బురదలోనే కూచుండిపోయింది. హారాధన్ కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెబుతున్నాడు. అతన్ని ఓదార్చాలని ఆమెకి తెలుసు. చేతిలో మట్టి నలుపుతూ ఉండిపోయింది.

కాసేపయ్యాక, "మరి అసలు సోటు ఎక్కడ?" అంది.

అతను చెయ్యెత్తి నీళ్ళవైపు చూపించాడు. బురద అయిపోయి, ఒడ్డు కిందికి తెగి, పాటు నీళ్ళు జోరుగా పోతున్నచోటు. దానికి అవతల, దూరంగా దక్షిణాన, నీళ్ళమీద పచ్చటి గీతలా కొత్త దిబ్బ ఒకటి కనిపిస్తోంది. దాని మీద తెల్లగా కొంగలు వాలి ఉన్నాయి.

లాంచీ వచ్చే వేళైంది. నీళ్ళు తీసేసరికి అది రేవు దాకా రాలేదు, నది మధ్యనే ఆగుతుంది. హారాధన్ తన పడవలో ఎక్కించుకున్నాడు. జ్యోతిరాణి ఖాళీకుండ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. ఒడ్డు దాటి కొంతదూరం వచ్చాక అతను తెడ్డు ఆపి, "ఇక్కడ, ఇంచుమించు" అన్నాడు.

సన్యాసమ్మ సంచిలోంచి తాడు తీసింది. "జోతీ, సబ్బిలా తే" అంది. స్నానానికి తెచ్చిన సబ్బుని నీళ్ళలో తడిపి, ముక్క గిల్లి, గుండు అడుగున గుంటలో బొటనవేలితో కూరింది. బైరాగి ఇంట్లో ఒకసారి సరదాకి చూపించాడు, పిల్లకి. ఆమె అప్పుడు పొయ్యి దగ్గరినించి చూసింది. పడవ అంచున మోకాళ్ళమీద కూచుని గుండు జారవిడిచింది. తోలుముక్కలు ఒక్కొక్కటే చేతిలోంచి జారాయి. పీలికలు కూడా వరసగా నీళ్ళలోకి పోయాయి. తాడు వదులైంది. మళ్ళీ బిగించి, నిటారుగా నిలిచేదాకా ఆగింది.

"ఏడు బార్లు" అంది.

మామూలుగా చెప్పినట్టు చెప్పలేదు, కొంచెం గట్టిగానే అంది. పైన రాసుకునేవాడు ఎవడో ఉన్నట్టు.

తాడు పైకి లాగడానికి జ్యోతిరాణి కూడా చెయ్యి వేసింది. గుండు తిప్పి చూస్తే గుంటలో సబ్బుకి అంటుకుని ఉసిరికాయంత మట్టి. సన్యాసమ్మ దాన్ని గోరుతో గీకి అరచేతిలో వేసుకుని నలిపింది. బూడిదరంగు ఒండ్రులో నాలుగైదు ఎర్ర పలుకులు తగిలాయి. ఇంకోసారి నలిపింది. ఉన్నాయి. కుండ మూత తీయించి, అరచెయ్యి అందులో దులిపి, వేళ్ళకి అంటింది కూడా అంచుకి రాసింది. తెల్లబట్ట కట్టింది. పసుపు చల్లింది. హారాధన్ తెడ్డు పక్కన పెట్టి దండం పెట్టాడు.

కాక్‌ద్వీప్‌లో రైలెక్కాక, కిటికీ పక్కన కుండ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చాలా స్టేషన్లు వెళ్ళాయి. కాళీపూజ కదా, ప్రతి స్టేషన్లోనూ దీపాలు పెడుతున్నారు.

"అమ్మా" అంది జ్యోతిరాణి. "ఇది మా అయ్యేనంటావా?"

సన్యాసమ్మ కుండ వైపు చూసింది. ఇరవై అయిదేళ్ళు ఆ మనిషి సాయంత్రం ఇంటికి వస్తే, గోళ్ళ సందుల్లో ఉండే మట్టి ఇదే. అన్నం కలిపేముందు కడుక్కో అని రోజూ అరిచేది. ఎంత కడిగినా కొంచెం ఉండిపోయేది.

"తెలీదే" అంది. "సేతులు కడుక్కోకుండా కూకున్నాడు."

అన్నాక ఆ మాట తనకే వినబడింది. పదమూడేళ్ళ తరవాత, కిక్కిరిసిన లోకల్ రైల్లో, ఎదుటి సీటువాళ్ళు చూస్తుండగా, సన్యాసమ్మ కుండ మీదికి వంగి ఏడ్చింది.